అగ్గువ షేరు, పిరం షేరు: వాల్యూ, గ్రోత్ లెక్క మీరే వేసుకోండి

కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచినవాళ్లు నల్లగొండలోనైనా పాలమూరులోనైనా మొదట అనే మాట ఒకటే: "ఇది ఎనిమిది రూపాయల షేరు, అగ్గువ. అది ఆరు వేల షేరు, పిరం." ఈ లెక్క మొదట్లోనే తప్పు. ఎనిమిది రూపాయల షేరుకు ఏటా పది పైసల లాభం వస్తుంటే దాని ధర లాభానికి 80 రెట్లు. ఆరు వేల షేరుకు 500 రూపాయల లాభం వస్తుంటే 12 రెట్లే. అగ్గువ ఏదో ఇప్పుడు చెప్పండి.

ఇన్వెస్టర్లు వాల్యూ, గ్రోత్ అని విడదీసేది ఇలాంటి రెట్లను బట్టే. కంపెనీకి ఇవాళ ఉన్న లాభం, ఆస్తి, అమ్మకాలు, డివిడెండుతో పోలిస్తే ధర తక్కువ పలుకుతుంటే అది వాల్యూ షేరు. లాభం ముందుముందు బాగా పెరుగుతుందన్న నమ్మకంతో మార్కెట్ ఇవాళే ఎక్కువ కడుతుంటే అది గ్రోత్ షేరు. కంపెనీ మంచిదా కాదా అన్న తీర్పు ఈ పేర్లలో లేదు. పైగా ఇది కంపెనీకి పుట్టుకతో వచ్చిన పేరు కూడా కాదు, ధర మారితే పేరూ మారుతుంది. అందుకే ఎవరో పంపిన జాబితా కంటే మీ నోటుబుక్కులో ఒక పేజీ లెక్క మేలు.

ముందు అంకెలు తెచ్చుకోండి

ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ సైట్లలో ప్రతి కంపెనీ ఫలితాలు ఉచితంగా దొరుకుతాయి. స్క్రీనర్ లాంటి సైట్లో అవే అంకెలు ఒకేచోట పట్టికగా ఉంటాయి. ఒక్కో కంపెనీకి రాసుకోవాల్సినవి: ఇవాళ్టి ధర, షేరుకు లాభం అంటే ఈపీఎస్, షేరుకు బుక్ వాల్యూ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది), షేరుకు అమ్మకాలు, షేరుకు డివిడెండు, మొత్తం అప్పు, చేతిలో ఉన్న నగదు, వ్యాపారం నుంచి వచ్చిన నగదు. ఈపీఎస్ గత నాలుగు త్రైమాసికాలది కలిపి రాయండి. అమ్మకాలు, లాభం మాత్రం ఆరేళ్లవి కావాలి. ఐదేళ్ల పెరుగుదల చూడాలంటే మధ్యలో ఐదు ఏడాదులు గడవాలి కాబట్టి, రెండు చివరలూ కలిపి ఆరు అంకెలు పడతాయి. ఐదు అంకెలే తీసుకుని ఐదేళ్లతో భాగించడం చాలామంది చేసే పొరపాటు.

అన్నీ కన్సాలిడేటెడ్ అంకెలే తీసుకోండి. స్టాండలోన్‌లో పిల్ల కంపెనీల లాభనష్టాలు కలవవు. ఈ తేడా ఎంత పెద్దదో నిఫ్టీయే చూపించింది. 2021 మార్చి ఆఖరు దాకా నిఫ్టీ పీఈని, అంటే ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకెను, స్టాండలోన్ లాభంతో లెక్కకట్టేవాళ్లు. కన్సాలిడేటెడ్‌కు మార్చేసరికి 40 దాటి ఉన్న పీఈ ఒక్క రోజులో 33 దగ్గరికి దిగింది. మార్కెట్ పడిందేమీ లేదు, లెక్క మారిందంతే.

వాల్యూ వైపు లెక్క

రెండు ఊహా కంపెనీలతో చేసి చూద్దాం. మొదటిదాని పేరు 'క'. ధర 180, ఈపీఎస్ 20, బుక్ వాల్యూ 150, షేరుకు అమ్మకాలు 300, డివిడెండు 9. రెండోది 'ఖ'. ధర 1500, ఈపీఎస్ 30, బుక్ వాల్యూ 200, షేరుకు అమ్మకాలు 250, డివిడెండు 3.

ధరను ఈపీఎస్‌తో భాగిస్తే పీఈ: 'క'కు 9, 'ఖ'కు 50. బుక్ వాల్యూతో భాగిస్తే పీబీ: 1.2, 7.5. అమ్మకాలతో భాగిస్తే 0.6, 6. డివిడెండును ధరతో భాగిస్తే వచ్చే ఈల్డ్ 5 శాతం, 0.2 శాతం. నాలుగు కొలతల్లోనూ 'క' వాల్యూ వైపే పడింది. వాల్యూ పద్ధతికి ఆద్యుడైన బెంజమిన్ గ్రాహం పెట్టిన పాత హద్దు ఒకటుంది: పీఈని పీబీతో గుణిస్తే 22.5 దాటకూడదు. 'క'కు 10.8 వస్తుంది, 'ఖ'కు 375.

పీఈని తిరగేసి చూడటం మన దగ్గర ఇంకా తేలిక. 'క'లో ఏటా నూటికి 11 రూపాయల లాభం, 'ఖ'లో నూటికి 2 రూపాయలు. ఊళ్లో మిత్తి లెక్కలో చెబితే మొదటిది నెలకు నూటికి 92 పైసలు, రెండోది 17 పైసలు. ఒక్కటి మరువద్దు. మిత్తి మీ చేతికి వస్తుంది, కంపెనీ లాభం రాదు. చేతికి వచ్చేది డివిడెండు మాత్రమే. మిగతాది కంపెనీ దగ్గరే ఉంటుంది, దాన్ని కంపెనీ ఏం చేస్తున్నదన్నదే అసలు ప్రశ్న. దాని సంగతి కింద చూద్దాం.

గ్రోత్ వైపు లెక్క

ఐదేళ్ల కింద 'క' అమ్మకాలు షేరుకు 260, ఇప్పుడు 300. 'ఖ'వి 100 నుంచి 250కి వెళ్లాయి. కొత్త అంకెను పాతదానితో భాగించి, ఫోన్లో సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ తెరిచి 0.2 ఘాతం వేయండి. వచ్చినదాంట్లో 1 తీసేస్తే ఏటా సగటు పెరుగుదల. 'క' 2.9 శాతం, 'ఖ' 20 శాతం. గుర్తుకు: ఐదేళ్లలో 1.6 రెట్లయితే 10 శాతం, రెట్టింపయితే 15, రెండున్నర రెట్లయితే 20, మూడు రెట్లయితే 25.

ఈ లెక్క ఎప్పుడూ షేరు చొప్పునే వేయండి. కంపెనీ లాభం రెట్టింపయి, మధ్యలో కొత్త షేర్లు అమ్మి షేర్ల సంఖ్యను కూడా రెట్టింపు చేసి ఉంటే మీ వాటాకు పెరిగింది సున్నా. బోనస్ (ఉచితంగా అదనపు షేర్లు), స్ప్లిట్ (ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టడం) జరిగినచోట పాత ఏడాదుల ఈపీఎస్‌ను కొత్త షేర్ల సంఖ్యకు సవరించాలి, లేకపోతే లాభం కూలిపోయినట్టు కనిపిస్తుంది. మొదటి ఏడాది ఎలాంటిదో కూడా చూడండి. 2020–21ని మొదలుగా పెట్టుకుంటే, కోవిడ్‌లో దెబ్బతిన్న వ్యాపారాలన్నీ గ్రోత్ కంపెనీల్లా మెరుస్తాయి. అలాంటప్పుడు ఒక ఏడాది వెనక్కో ముందుకో జరిపి మళ్లీ లెక్కేయండి. జవాబు బాగా మారితే ఆ పెరుగుదలను నమ్మొద్దు.

సొంత కాళ్ల మీద పెరుగుతున్నదా

చాలామంది దాటేసే మెట్టు ఇదే. ఈపీఎస్‌ను బుక్ వాల్యూతో భాగిస్తే ఆర్‌ఓఈ, అంటే వాటాదార్ల సొమ్ము మీద రాబడి. 'ఖ'కు 30ని 200తో భాగిస్తే 15 శాతం. లాభంలో 3 రూపాయలు డివిడెండుగా ఇచ్చి 27, అంటే 90 శాతం, వ్యాపారంలోనే పెట్టింది. 15లో 90 శాతం 13.5. ఇది 'ఖ' తన సొంత పైసలతో పెరగగల వేగం. కానీ అది పెరిగింది 20 శాతం. మిగతా ఆరున్నర శాతానికి ఇంధనం ఎక్కడిది? అప్పు చేసి ఉండాలి, కొత్త షేర్లు అమ్మి ఉండాలి, లేదా ఉన్న ఫ్యాక్టరీనే ఇంకా బాగా వాడి ఉండాలి. బ్యాలెన్స్ షీటులో అప్పు, షేర్ల సంఖ్య ఐదేళ్లలో ఎంత మారాయో చూస్తే ఏదో తేలిపోతుంది. మొదటి రెండింటితో వచ్చిన గ్రోత్ బ్యాంకులు, మార్కెట్ చేయి తీసేసిన రోజు ఆగిపోతుంది.

'క'కు ఇదే లెక్క ఇంకా చేదుగా ఉంటుంది. ఆర్‌ఓఈ 13.3 శాతం, లాభంలో ఉంచుకునేది 55 శాతం, కాబట్టి సొంతంగా 7 శాతం పెరగాలి. పెరుగుతున్నది 2.9. షేరుకు ఏటా 11 రూపాయలు లోపలే ఉంచుకుంటున్నారు, అవి ఎటు పోతున్నాయి? అప్పు తీరుతున్నదంటే మంచిదే. నగదు పేరుకుంటున్నదంటే ఫర్వాలేదు, ఎప్పుడో పంచుతారు. రావాల్సిన బాకీల్లోనో, ప్రమోటర్ల (కంపెనీని నడిపే యజమానుల) వేరే కంపెనీలకు ఇచ్చిన అప్పుల్లోనో ఇరుక్కుంటున్నదంటే ఇది వాల్యూ షేరు కాదు, వాల్యూ ట్రాప్, అంటే అగ్గువగా కనిపించే ఉచ్చు. ఇలాంటివి ఏళ్ల తరబడి పీఈ 9 దగ్గరే పడి ఉంటాయి.

నగదు పరీక్ష రెండు రకాల షేర్లకూ పెట్టండి. ఐదేళ్ల నికర లాభం ఒకచోట కూడండి, అవే ఐదేళ్లలో వ్యాపారం నుంచి వచ్చిన నగదును ఇంకోచోట కూడండి. నగదు, లాభంలో 80 శాతమైనా ఉంటే ధైర్యం. సగానికి సగం ఉంటే ఆ లాభం కాగితాల మీదే ఉన్నట్టు. బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు ఈ పరీక్ష పనికిరాదు, వాళ్ల వ్యాపారమే అప్పులివ్వడం. వాటికి పీబీ, ఆర్‌ఓఈ జంటగా చూడాలి, బుక్ వాల్యూలోంచి మొండి బాకీలు తీసి చూడాలి. 2018–20 మధ్య చాలా ప్రభుత్వ బ్యాంకుల షేర్లు బుక్ వాల్యూ కంటే తక్కువకే దొరికాయి. ఆ బుక్ వాల్యూలో వసూలయ్యేదెంత అన్న అనుమానమే కారణం.

ఎవరి పక్కన నిలబెట్టాలి

పీఈ 20 అగ్గువా పిరమా అని విడిగా అడిగితే జవాబు లేదు. అదే రంగంలోని ఐదారు కంపెనీల పక్కన, ఆ కంపెనీ సొంత పదేళ్ల సగటు పక్కన పెట్టి చూడాలి. సూచీలు తయారుచేసేవాళ్లు కూడా వరుసలోనే నిలబెడతారు. ఎన్‌ఎస్‌ఈ వారి నిఫ్టీ 500 వాల్యూ 50 సూచీలో లాభం, బుక్ వాల్యూ, అమ్మకాలను ధరతో పోల్చి, డివిడెండ్ ఈల్డ్ కూడా కలిపి 50 కంపెనీలను ఎంచుతారు. నిఫ్టీ 50 వాల్యూ 20లో పీఈ, పీబీ, డివిడెండ్ ఈల్డ్‌తోపాటు పెట్టుబడి మీద రాబడిని కూడా చూస్తారు. అగ్గువ అయితే చాలదు, పని కూడా చేయాలన్నమాట. నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది.

అమెరికాలో సూచీలు తయారుచేసే ఎస్ అండ్ పీ గ్రోత్ వైపు మూడు కొలతలు తీసుకుంటుంది: మూడేళ్లలో లాభం పెరిగిన తీరు, అమ్మకాలు పెరిగిన తీరు, ఏడాదిలో షేరు ధర పెరిగిన తీరు. రస్సెల్ సూచీలు ఇంకో దారి పట్టాయి. మార్కెట్ విలువలో దాదాపు 70 శాతాన్ని పూర్తిగా ఇటో అటో వేసి, మిగతా 30 శాతం కంపెనీలను కొంత భాగం వాల్యూలో, కొంత భాగం గ్రోత్‌లో ఉంచుతాయి. మీ పేజీలోనూ మధ్య గడి ఒకటి ఉంచుకోండి. ప్రతి కంపెనీని బలవంతంగా రెండింట్లో ఒకదాంట్లోకి తోయాల్సిన పని లేదు.

చౌటుప్పల్ దగ్గర లింగోజిగూడెంలో మొదటి ఫ్యాక్టరీ ఉన్న మందుల కంపెనీ దివీస్ ల్యాబ్స్ చాలాకాలంగా గ్రోత్ గడిలో కనిపించే పేరు. మార్కెట్ సగటు కంటే పిరం పీఈ, అప్పు దాదాపు లేకుండా సొంత లాభంతోనే విస్తరణ. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్ ఫ్యాక్టరీ తలపెట్టిన అమరరాజాది మధ్య గడి కథ. పాత లెడ్ బ్యాటరీల వ్యాపారం ఏటా లాభం తెచ్చేది, పదేళ్లలో 9,500 కోట్లు పెడతామని ప్రకటించిన కొత్తది పైసలు తినేది. ఇలాంటి కంపెనీకి పాత వ్యాపారం లాభాన్ని దాని తోటి కంపెనీల పీఈతో గుణించి మొత్తం ధరలోంచి తీసేయండి. మిగిలింది కొత్త ఆశకు మీరు కడుతున్న ధర. అది సున్నా దగ్గరుంటే కొత్తది ఉచితంగా వస్తున్నట్టు, సగానికి సగముంటే మీరు కొంటున్నది గ్రోత్ షేరే. ఈ పేర్లు లెక్క చూపడానికే, కొనమని కాదు.

సిమెంటు దగ్గర పీఈ ఎందుకు మోసం చేస్తుంది

హుజూర్‌నగర్, మఠంపల్లి, మేళ్లచెరువు, దామరచర్ల చుట్టూ సున్నపురాయి ఉంది కాబట్టి మన దగ్గర సిమెంటు కంపెనీల షేర్లు కొనేవాళ్లు ఎక్కువ. ఫ్యాక్టరీ కళ్ల ముందే ఉంటుంది, లారీలు కనిపిస్తుంటాయి, పీఈ 8 అని చూసి వాల్యూ అనుకుంటారు. ఇక్కడే దెబ్బతింటారు.

సిమెంటు లాభం ఏటా ఒకలా ఉండదు. బస్తా ధర బాగున్న ఏడాది లాభం పొంగుతుంది. ధర షేరుకు 400, ఈపీఎస్ 50 అయితే పీఈ 8. అదే లాభం చూసి అందరూ కొత్త ప్లాంట్లు పెడతారు, సరఫరా పెరుగుతుంది, బస్తా ధర దిగుతుంది. దానికి బొగ్గు, పెట్‌కోక్ లాంటి ఇంధనాల ధరల పోటు తోడైతే ఈపీఎస్ 10కి పడుతుంది. షేరు 250కి దిగినా పీఈ 25 అయి కూర్చుంటుంది. అంటే పీఈ తక్కువున్నప్పుడు షేరు నిజానికి పిరం, పీఈ భయపెట్టినప్పుడు అగ్గువ. ఉక్కు, పంచదార, గనుల కంపెనీలకూ ఇదే వర్తిస్తుంది.

విరుగుడు రెండు రకాలు. ఒకటి, ఒక్క ఏడాది లాభం కాకుండా ఏడు నుంచి పదేళ్ల సగటు ఈపీఎస్‌తో భాగించడం. రెండోది టన్ను లెక్క. మార్కెట్ విలువకు అప్పు కలిపి, నగదు తీసేసి, వచ్చినదాన్ని ఏటా ఎన్ని టన్నులు తయారుచేయగలదో దానితో భాగించండి. 2024లో అంబుజా సంస్థ పెన్నా సిమెంట్‌ను 10,422 కోట్ల విలువ కట్టి కొన్నది. దామరచర్ల దగ్గరి గణేశ్‌పహాడ్ ప్లాంటు అందులోదే. ప్రకటించిన సామర్థ్యం 1.4 కోట్ల టన్నులు, ఆ లెక్కన టన్నుకు 7,440 రూపాయలు. కానీ అందులో అప్పటికి నడుస్తున్నది కోటి టన్నులే, మిగతాది కడుతున్నది. నడుస్తున్నదానితో భాగిస్తే టన్నుకు 10,400 దాటుతుంది. ఒకే ధరకు రెండు జవాబులు. రెండు కంపెనీలను పోల్చేటప్పుడు కింద వేసే సామర్థ్యం రెండింటికీ ఒకే రకందై ఉండాలి. టన్ను అగ్గువగా కనిపించిన ప్లాంటు సగం సామర్థ్యంతోనే నడుస్తుంటే అది కూడా అగ్గువ కాదు.

అగ్గువగా కనిపించే మిగతావి

'క' ఈపీఎస్ 20లో 12 రూపాయలు భూమి అమ్మితే వచ్చినవి అనుకోండి. అసలు వ్యాపారం లాభం 8, పీఈ 22.5. లాభనష్టాల పట్టికలో ఇతర ఆదాయం, అసాధారణ అంశాలు అన్న వరుసలు చూడకుండా పీఈ రాసుకోవద్దు. డివిడెండుకూ ఇదే జాగ్రత్త: 9 రూపాయల్లో 5 ఒక్కసారికి ఇచ్చిన ప్రత్యేక డివిడెండైతే వచ్చే ఏడాది ఈల్డ్ సగానికంటే తక్కువే. ప్రమోటర్లు తమ షేర్లను తాకట్టు పెట్టారేమో షేర్‌హోల్డింగ్ పట్టికలో ఉంటుంది, త్రైమాసికం ముగిసిన 21 రోజుల్లో అది బయటికి రావాలి. తాకట్టు పెరుగుతూ పోతుంటే మిగతా లెక్క మానేయండి. ఇక ముఖవిలువ పది రూపాయలు, ధర ఏడే రూపాయలు, కాబట్టి అగ్గువ అనేవాళ్లూ ఉన్నారు. ముఖవిలువకూ కంపెనీ విలువకూ ఏ సంబంధమూ లేదు.

పిరం ధర ఏం అడుగుతున్నదో లెక్కేయండి

'ఖ' ఈపీఎస్ ఇంకో ఐదేళ్లు 20 శాతం చొప్పున పెరిగిందనుకోండి. 30 కాస్తా 74.6 అవుతుంది. కంపెనీ మాట నిలబెట్టుకున్నట్టే. కానీ అప్పటికి వేగం తగ్గుతుందని మార్కెట్ పీఈని 25కి దించితే ధర 1,866. మీరు పెట్టిన 1500 మీద ఏటా నాలుగున్నర శాతం. పీఈ 40 దగ్గర నిలిస్తే ఏటా 15 శాతం దగ్గర. లాభం 10 శాతమే పెరిగి పీఈ 25కి దిగితే ధర 1,208, అంటే ఐదేళ్లు ఆగి అసలుకే నష్టం.

'క' ఈపీఎస్ ఏటా 3 శాతమే పెరిగి పీఈ 9 దగ్గరే ఉంటే డివిడెండుతో కలిపి ఏటా 8 శాతం. పీఈ 12కు చేరితే 13, 14 శాతం మధ్య. అయితే పెరుగుదలతో పీఈని పోలిస్తే తీర్పు తిరగబడుతుంది. 'ఖ' 50ని 20తో భాగిస్తే 2.5, 'క' 9ని 2.9తో భాగిస్తే 3 పైనే. ఈ కొలతలో పిరం షేరే అగ్గువ. కానీ ఇందులో డివిడెండు లేదు. పెరుగుదలకు ఈల్డ్ కలిపి పీఈతో భాగిస్తే 'క'కు 0.88, 'ఖ'కు 0.40. ఇక్కడ ఎక్కువ అంకె మేలు, కాబట్టి మళ్లీ 'క'యే ముందుకొస్తుంది. అందుకే ఒక్క కొలత చూసి షేరుకు పేరు పెట్టొద్దు.

పన్ను కూడా ఈ లెక్కలో వేయాలి. డివిడెండు మీ మొత్తం ఆదాయంలో కలిసి మీ స్లాబు ప్రకారం పన్ను పడుతుంది. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు 5 శాతం ఈల్డ్ మూడున్నరకు దిగుతుంది. షేరు ధర పెరిగితే అమ్మేదాకా పన్ను లేదు. ఏడాది దాటాక అమ్మితే, 2024 జులై 23 నుంచి, ఏడాదికి లక్షా పాతికవేల లాభం వరకు మినహాయింపు, ఆపైన 12.5 శాతం. ఏడాది లోపు అమ్మితే 20 శాతం.

పేజీ ఎప్పుడు తిరగరాయాలి

మార్చితో ముగిసిన ఏడాది ఫలితాలు 60 రోజుల్లో, అంటే మే ఆఖరుకు రావాలి. మిగతా త్రైమాసికాలవి 45 రోజుల్లో. అసలు లెక్క జూన్‌లో ఒకసారి వేయండి, త్రైమాసికాల్లో ఈపీఎస్ మాత్రం మార్చుకోండి. పేజీ పైన తేదీ, ఆ రోజు ధర తప్పక రాయండి.

ఒక కంపెనీ గ్రోత్ గడిలోంచి వాల్యూ గడిలోకి జారితే, కారణం పీఈ భిన్నంలో పైన ఉన్న ధరా, కింద ఉన్న లాభమా అని చూడండి. 2022 జూన్‌లో ఫేస్‌బుక్ కంపెనీ మెటా అమెరికాలోని రస్సెల్ వాల్యూ సూచీలోకి వచ్చింది. షేరు ధర కూలడం వల్ల అది వాల్యూ వైపు జరిగింది. మీ పేజీలో అలాంటి మార్పు వచ్చినచోట పక్కనే రెండు అంకెలు రాయండి: పోయినేడు ఈపీఎస్, ఈయేడు ఈపీఎస్. ధర సగమై ఈపీఎస్ నిలిచి ఉంటే మొదటి నుంచి మళ్లీ అన్ని మెట్లూ ఎక్కించి చూడదగ్గ షేరు అది. ధరతోపాటు ఈపీఎస్ కూడా సగమైతే పీఈ అంతే ఉంటుంది, అగ్గువైందేమీ లేదు.